గాలికి ఎదురుగా, పాలకాయతిప్ప దాకా



దివిసీమకు రైలు లేదు. విజయవాడ వైపు నుంచి వచ్చే పట్టాలు బందరులో ఆగిపోతాయి. కృష్ణకు అవతల, తెనాలి మీదుగా వచ్చే పట్టాలు రేపల్లెలో ఆగిపోతాయి. ఈ రెండు కొసల్నీ కలపమని ఇక్కడివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఆ కొసల మధ్య, పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలుగా చీలి చుట్టుకున్న నేల దివిసీమ. అవనిగడ్డ, కోడూరు, నాగాయలంక అక్కడివే. కోడూరు దాటి హంసలదీవి వైపు పోతే, దారి చివర సముద్రం ఒడ్డున పాలకాయతిప్ప వస్తుంది.

ఒకప్పుడు ఈ ఊళ్ళలో మనిషి రోజు ఆఖరి బస్సు వేళను బట్టి నడిచేది. అవనిగడ్డలో డాక్టరు కోసం కూర్చున్నా, చుట్టాల ఇంట్లో భోజనానికి ఆగినా, ఫస్ట్ షో సినిమా మీద మనసు పడినా ఒక చెవి బస్టాండు వైపే ఉండేది. బస్సు తప్పిపోతే ఆ రాత్రికి ఎవరి అరుగు మీదో పడుకోవడమే. మోటారు సైకిలు ఈ సీమకు చేసిన మొదటి మేలు, ఇంటికి ఎప్పుడు తిరిగి వెళ్ళాలో మనిషి తానే అనుకోగలగడం. బండి నడపడంలో సుఖం ఏముంది అని అడిగేవాళ్ళకు ఇక్కడి నుంచే చెప్పుకు రావాలి. వేగం సంగతి తరువాత.

ఆ మేలు అందరికీ ఒక్కసారిగా అందలేదు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా కంపెనీ పుట్టి బుల్లెట్టు తయారీ మొదలయింది. 1960 దశకం మొదట్లో మైసూరు నుంచి జావా, ఎస్కార్ట్స్ కంపెనీ నుంచి రాజ్‌దూత్ వచ్చాయి. పల్లెల్లో ఇవి కలిగిన రైతులకో, ఆర్‌ఎంపీ డాక్టర్లకో ఉండేవి. చప్పుడు విని ఎవరు వస్తున్నారో చెప్పేంత తక్కువ బళ్ళు అవి. 1980లో హోసూరులో తయారైన టీవీఎస్ 50 వచ్చాక సైకిలు తొక్కే మనిషి కూడా ఇంజను బండి ఎక్కాడు. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చింది. వంద సీసీకి కాస్త తక్కువ ఇంజను, నాలుగు స్ట్రోకులు. పెట్రోలు పోయించి మరిచిపోవచ్చన్నది దాని ప్రకటన. పెట్రోలు ఖర్చు లెక్క చూసుకునే ఇళ్ళకు ఆ మాట గట్టిగా పట్టింది. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో ప్రతి వంద ఇళ్ళలో 21 ఇళ్ళకు మోటారు సైకిలో, స్కూటరో, మోపెడో ఉంది. 2023–24 ఒక్క ఆర్థిక సంవత్సరంలోనే దేశంలో దాదాపు కోటీ ఎనభై లక్షల ద్విచక్ర వాహనాలు అమ్ముడయ్యాయి.

ఇన్ని కోట్ల బళ్ళు పని కోసం కొన్నవే. లడఖ్ దాకా వెళ్ళి ఫొటోలు తీయించుకునేవాళ్ళకే బండి మీద ఆనందం ఉంటుందని, తెల్లారకముందే గిలకలదిండి రేవు నుంచి ఐసు పెట్టె కట్టుకుని ఎక్సెల్ మోపెడ్ మీద ఊళ్ళు తిరిగే చేపల వ్యాపారికి అదేమీ ఉండదని అనుకోవడం పొరపాటు. సరుకు అమ్ముడై పెట్టె ఖాళీ అయ్యాక, కాలవ గట్టు మీద తిరుగు ముఖం పట్టిన ఆ మనిషిని చూస్తే తెలుస్తుంది. భుజాలు వదులై ఉంటాయి. తొందర ఉండదు. పాట కూడా పాడుకుంటూ ఉంటాడు. గాలిలో ఎవరికీ వినపడదు కనుక గొంతెత్తి మరీ పాడుకుంటాడు.

బందరు నుంచి పాలకాయతిప్పకు చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ, కోడూరు మీదుగా దారి. గుడివాడ వాళ్ళయితే పామర్రు వచ్చి, కూచిపూడి మీదుగా చల్లపల్లి చేరుకుంటారు. కారులో అద్దాలు బిగించుకుని ఏసీ పెట్టుకుంటే ఈ దారంతా ఒకే చల్లదనం, ఒకే చప్పుడు. బండి మీద అలా కుదరదు. శీతాకాలం పొద్దున చేల మధ్య పోతుంటే మోకాళ్ళు జివ్వున లాగుతాయి. ఊరు రాగానే ఇళ్ళ వెచ్చదనం, పొయ్యి పొగ వాసన ముఖానికి తగులుతాయి. ఊరు దాటగానే మళ్ళీ చలి. కాలవ పక్కకు దిగితే ఆ చలిలోనూ ఇంకో చలి ఉందని తెలుస్తుంది. డిసెంబరులో కోసిన వరి పనల వాసన, జనవరి, ఫిబ్రవరుల్లో వరి కొయ్యల మధ్య మొలిచిన మినుము పచ్చదనం. డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుములు చల్లేస్తారు. నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు ఎదుగుతుంది. ఆ తేమ బండి మీద పోయేవాడి ముఖానికీ తగులుతుంది.

అవనిగడ్డ దాటాక వాసనలు మారతాయి. రొయ్యల చెరువులు మొదలవుతాయి. నీళ్ళు చిలికే ఏరియేటర్ల చప్పుడు ఇంజను చప్పుడును మించి వినపడుతుంది. కోడూరు దాటి కొంత దూరం పోయాక పెదవి తడుపుకుంటే నాలుకకు ఉప్పు తగులుతుంది. సముద్రం ఇంకా కనపడదు. నల్లరేగడి పోయి నేల ఇసుకపాలు అవుతుంది, సరుగుడు తోటలు వస్తాయి, పాయల వెంట మడ అడవి మొదలవుతుంది. కృష్ణా డెల్టా నది తెచ్చిన మట్టితో ఏర్పడిన నేల అని పిల్లలు బడిలో చదువుకుంటారు. ఆ మట్టి ఎక్కడ అయిపోయి కడలి ఇసుక ఎక్కడ మొదలవుతుందో ఒంటికి తెలియాలంటే ఈ దారిన బండి మీద ఒక్కసారి రావాలి.

బండి నడుపుతున్నంతసేపూ ఒళ్ళు చేసే పని చాలా ఉంది. కుడి చెయ్యి యాక్సిలరేటరు మీద, వేళ్ళు ముందు బ్రేకు మీద, ఎడమ చెయ్యి క్లచ్చి మీద. ఒక కాలు గేరుకు, ఒక కాలు వెనక బ్రేకుకు. కళ్ళు గుంటల మీద, చెవులు వెనక వచ్చే లారీ మీద. వీటికి తోడు నడిపేవాళ్ళలో చాలామందికి తెలియని ఒక విద్య ఉంది. కరకట్ట మీద వంపు వస్తుంది. బండి కాస్త వేగంలో ఉన్నప్పుడు ఎడమకు తిరగాలంటే ఎడమ పిడిని మెల్లగా ముందుకు నెట్టాలి. ముందు చక్రం రెప్పపాటు కుడికి పోతుంది, దానితో బండి ఎడమకు ఒరుగుతుంది, ఒరిగాక ఎడమకు మళ్ళుతుంది. అందరూ చేసేది ఇదే, చేస్తున్నామని మాత్రం తెలియదు. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అంతకుముందు సైకిళ్ళ వ్యాపారం చేసేవారు. ఎడమకు ఎలా తిరుగుతావని విల్బర్ రైట్ ఎంతోమందిని అడిగితే, అసలు జరిగేది ఏమిటో ఒక్కరూ సరిగా చెప్పలేకపోయారట. చేతికి తెలిసిన సంగతి నోటికి రాదు. వంపులో బండితోపాటు ఒరిగి, మళ్ళీ నిటారుగా లేచే ఆ రెండు క్షణాల్లో కలిగే సంతోషం ఈ విద్యదే.

ఇన్ని పనులు ఒళ్ళు చేస్తుంటే బుర్రలో పాత గొడవలకు చోటుండదు. దీన్ని పరిశోధకులు కొలిచి చూశారు. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్ళు అనుభవం ఉన్న యాభై మందికి పైగా రైడర్ల చేత ఇరవై నిమిషాలు బండి నడిపించి గుండె వేగం, మెదడు చురుకు, హార్మోన్లు పరీక్షించారు. ఫలితాలు 2021లో ‘బ్రెయిన్ రీసెర్చ్’ పత్రికలో వచ్చాయి. గుండె వేగం 11 శాతం, అడ్రినలిన్ 27 శాతం పెరిగాయి. ఒత్తిడిని చూపించే హార్మోన్ల సూచిక 28 శాతం తగ్గింది. దానికి డబ్బు పెట్టింది హార్లే డేవిడ్‌సన్ కంపెనీ అన్న సంగతి కూడా చెప్పాలి. బళ్ళు అమ్ముకునేవాళ్ళ డబ్బుతో తేలిన లెక్కను కాస్త ఆచితూచి తీసుకోవడం మంచిది. అయినా పొద్దుట ఇంట్లో మాటా మాటా అనుకుని చిరాకుతో బయల్దేరి, బడికి చేరేసరికి తేలికపడిన మాస్టారికి ఈ లెక్క కొత్తగా అనిపించదు.

బండి ఇచ్చే ఇంకో సుఖం చేతులకు సంబంధించినది. ఈనాటి బళ్ళు మీట నొక్కితే లేస్తాయి. పాత బుల్లెట్టు అలా లేవదు. తాళం తిప్పాలి. కిక్కు రాడ్డును కాలితో మెల్లగా నొక్కుతూ ట్యాంకు ముందున్న అమ్మీటరు ముల్లు నడిమికి వచ్చేదాకా చూడాలి. అప్పుడు ఎడమ చేతి దగ్గరున్న చిన్న డీకంప్రెషన్ లివరు పట్టుకుని, కిక్కును ఇంకాస్త దించి, లివరు వదిలి, కాలు పైకి తెచ్చి ఒక్క తన్ను తన్నాలి. వరస తప్పితే కిక్కు వెనక్కి తంతుంది, చీలమండ వాచిపోతుంది. ఆ బళ్ళకు గేరు కుడి కాలి కింద, బ్రేకు ఎడమ కాలి కింద ఉండేవి. తండ్రి బుల్లెట్టును కొడుకు మొదటిసారి ఒక్క తన్నుతో లేపిన రోజు ఇంట్లో పండగే. ఒక యంత్రం తన మాట వినేలా దాని పద్ధతి నేర్చుకున్నందుకు వచ్చే సంతృప్తి అది. డబ్బిచ్చి కొనుక్కోవడానికి ఎక్కడా దొరకదు.

అమెరికన్ రచయిత రాబర్ట్ పిర్సిగ్ ఈ సంగతి మీద ఏకంగా పుస్తకమే రాశాడు. 1968లో కొడుకు క్రిస్‌ను వెనక కూర్చోబెట్టుకుని మినెసోటా నుంచి కాలిఫోర్నియా దాకా హోండా బండి మీద వెళ్ళాడు. ఆ ప్రయాణం ఆధారంగా రాసిన పుస్తకం పేరు ‘జెన్ అండ్ ది ఆర్ట్ ఆఫ్ మోటార్‌సైకిల్ మెయింటెనెన్స్’. 121 మంది ప్రచురణకర్తలు కాదన్నాక 1974లో అచ్చయింది, లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అందులో అతని స్నేహితుడు బీఎండబ్ల్యూ నడుపుతాడు గానీ దాని మీద చెయ్యి వెయ్యడానికి ఇష్టపడడు, చెడిపోతే చిరాకుపడతాడు. పిర్సిగ్ మాత్రం ఇంజను చప్పుడు వింటూ, ప్లగ్గు విప్పి చూస్తూ, గొలుసు బిగించుకుంటూ పోతాడు. దివిసీమలో బండి ఉన్నవాళ్ళలో చాలామంది పిర్సిగ్ పేరు వినకపోయినా అతని దారిలోనే ఉన్నారు. ఉప్పు గాలికి స్పోకులు, సైలెన్సరు, గొలుసు తొందరగా తుప్పు పడతాయి. రోజూ చూసుకోకపోతే బండి ఏడాదికే ముసలిదవుతుంది. అందుకని సాయంత్రం అరుగు మీద కూర్చుని, వెనక చక్రం చేత్తో తిప్పుతూ గొలుసుకు నూనె పట్టించే మనుషులు ఈ ఊళ్ళలో కనపడతారు. పక్కన పిల్లాడు నూనె డబ్బా పట్టుకుని ఉంటాడు. వాడికి అదే మొదటి పాఠం.

వెనక కూర్చునేవాళ్ళ సుఖం సంగతి ఎవరూ పెద్దగా చెప్పరు. కూతుర్ని కాలేజీ బస్సు దగ్గర దింపడానికి తీసుకెళ్ళే తండ్రి, తల్లిని బందరు ఆసుపత్రికి తీసుకెళ్ళే కొడుకు దారిలో మాట్లాడుకునే మాటలు ఇంట్లో మాట్లాడుకోరు. ముఖాలు ఎదురెదురుగా ఉండవు. ఇద్దరి చూపూ ముందుకే. ఫీజు సంగతి, పెళ్ళి సంబంధం సంగతి, మార్కులు తగ్గిన సంగతి ఆ గాలిలోనే బయటపడతాయి. ఏం చెప్పాలో తోచనప్పుడు ఊరుకోవడానికి కూడా వీలుంటుంది. బండి నడుస్తూనే ఉంటుంది కనుక మౌనం బరువు అనిపించదు.

2021లో మోహనా భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట తెలుగునాట పెళ్ళి పందిళ్ళన్నీ చుట్టి వచ్చింది. పెళ్ళికూతుళ్ళు దానికి డాన్సు చేసి వీడియోలు పెట్టారు. ఆ పాటలో అమ్మాయి అబ్బాయి బండెక్కి అత్తారింటికి వస్తానంటుంది. పాట మంచిదే, కానీ అందులో హ్యాండిలు అబ్బాయి చేతిలోనే ఉంది. అంతకు మూడేళ్ళ ముందే, 2018 ఫిబ్రవరిలో, నలుగురు స్త్రీలు హైదరాబాదు నుంచి హ్యాండిలు తామే పట్టుకుని బయల్దేరారు. జై భారతి, పియా బహదూర్, శాంతి సుసాన్, శిల్పా బాలకృష్ణన్. బజాజ్ డోమినార్ బళ్ళ మీద మయన్మార్, థాయ్‌లాండ్, లావోస్, కంబోడియా, వియత్నాం తిరిగి సుమారు 17 వేల కిలోమీటర్లు నడిపారు. ఆ యాత్రకు పెట్టుకున్న పేరు ‘రోడ్ టు మెకాంగ్’. జై భారతి వృత్తికి ఆర్కిటెక్టు. తరువాత ఆమె మోవో అనే సంస్థ పెట్టి, ఆడవాళ్ళకు ద్విచక్ర వాహనాలు, ఆటోలు నడపడం నేర్పించడం మొదలుపెట్టారు. వియత్నాం దాకా వెళ్ళడం కంటే ఈ రెండో పనే పెద్దది. అంగన్‌వాడీ టీచరుకూ, ఆశా కార్యకర్తకూ సొంతంగా బండి నడపడం వస్తే, అన్న ఖాళీగా ఉన్నాడా, భర్త తీరిగ్గా ఉన్నాడా అని కనిపెట్టుకుని కూర్చునే అవసరం తీరిపోతుంది. కోడూరులో పని చూసుకుని, పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉంటుంది. ఆమెకు ఆ స్వేచ్ఛ విలువ మగవాళ్ళకంటే బాగా తెలుసు. ఆలస్యంగా దక్కింది కదా.

ఇంత సుఖానికి కట్టే మూల్యం గురించి కూడా దాచుకోకుండా చెప్పుకోవాలి. 2022లో మన దేశం రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్ళు. హెల్మెట్ పెట్టుకోకుండా పోయినవాళ్ళు 50 వేల పైచిలుకు. హెల్మెట్ వెనక కూడా ఒక కథ ఉంది. ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’గా పేరుపడిన టి.ఇ. లారెన్స్ 1935 మే నెలలో తన బ్రఫ్ సుపీరియర్ బండి మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలి చనిపోయాడు. ఆయన్ను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆ చావు అతన్ని వదల్లేదు. యుద్ధకాలంలో సైన్యపు మోటారు సైకిలు ప్రమాదాలన్నీ పరిశీలించి, హెల్మెట్ ప్రాణం నిలుపుతుందని 1941 నుంచి వరసగా వ్యాసాలు రాశాడు. అతని మాట విని సైన్యం తన రైడర్లకు హెల్మెట్ తప్పనిసరి చేసింది.

డెల్టా దారుల్లో అపాయాలు వేరేగా ఉంటాయి. నూర్పిళ్ళ రోజుల్లో రోడ్డు సగానికి ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే బండి జారిపోతుంది. రాత్రి పూట రాశి అంచున పెట్టిన రాళ్ళు హెడ్‌లైటు వెలుగులో ఆలస్యంగా కనపడతాయి. జనవరి మంచులో కాలవ గట్టు ఎక్కడ అయిపోయిందో తెలియదు. సాయంత్రం ఇంటి దారి పట్టిన గేదెల మంద పక్కకు తప్పుకోదు. ఊళ్ళోకే కదా అని హెల్మెట్ గోడకు తగిలించి వెళ్ళడం మంచి అలవాటు కాదు. వెనక కూర్చున్న మనిషికీ, చీర కట్టుకుని ఒక పక్కకు కూర్చున్న అమ్మకూ కూడా అది ఉండాల్సిందే.

పాలకాయతిప్ప పేరు ఎత్తితే 1977 నవంబరు 19 తలుచుకోకుండా ఎవరూ ఉండలేరు. ఆనాటి ఉప్పెనలో దివిసీమ మునిగిపోయింది. పోయినవాళ్ళు సుమారు పది వేల మంది అని ప్రభుత్వ లెక్క. అంతకంటే ఎక్కువేనని బతికి బయటపడ్డవాళ్ళ మాట. ఊళ్ళకూ బయటి లోకానికీ సంబంధం తెగిపోయి, ఏం జరిగిందో తెలియడానికే రోజులు పట్టింది. ఈనాడు తుఫాను కబురు ముందే ఫోనుకు వస్తుంది. పిల్లల్నీ ముసలివాళ్ళనూ ఎక్కించుకుని పోవడానికి వాకిట్లో బండి ఉంటుంది. మామూలు రోజుల్లో బీచికి షికారు తీసుకొచ్చే బండికి ఇక్కడ ఆ విలువ కూడా ఉంది.

మాఘ పౌర్ణమికి సాగర సంగమ స్నానానికి వేల మంది వస్తారు. హంసలదీవి వేణుగోపాలస్వామిని చూసుకుని సముద్రం వైపు వస్తారు. అప్పుడు దారి పొడవునా బళ్ళే. ఆ నెలల్లోనే, జనవరి నుంచి మార్చి దాకా, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు రాత్రిపూట ఈ తీరానికి వచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి. ఒక్కో తల్లి వంద గుడ్ల దాకా పెడుతుంది. ఇసుక మీద బండి నడిపితే గుంటలు అణిగిపోతాయి. టైరు చాలులో పడిన పిల్ల తాబేలు బయటికి రాలేక, సముద్రం చేరకుండానే కాకులపాలు అవుతుంది. కుర్రవాళ్ళకు తడి ఇసుక మీద రయ్యిమని పోవాలని ఉంటుంది. ఆ ఒక్క సరదా ఇక్కడ మానుకోవాలి. బండి రోడ్డు చివరే ఆపి, స్టాండు ఇసుకలో దిగబడకుండా కింద ఒక చెక్క ముక్క పెట్టి, అక్కడి నుంచి నడిచి వెళ్ళాలి.

ఇంటికి చేరాక అదే రోజు బండికి మంచినీళ్ళు కొట్టించాలి. మడ్‌గార్డుల లోపల, స్పోకుల మొదట్లో, ఇంజను రెక్కల మధ్య ఉప్పు పేరుకుంటుంది. కడిగిన బండిని కాసేపు నడిపి బ్రేకులు ఆరబెట్టి, గొలుసు తుడిచి నూనె వెయ్యాలి. ఇదంతా చేస్తే ఆ బండి మరుసటి ఆదివారానికి ఇంకో దారికి సిద్ధం. చల్లపల్లి వైపు మళ్ళితే ఘంటసాల బౌద్ధ స్తూపం ఉంది. కృష్ణ ఒడ్డు పట్టుకుంటే శ్రీకాకుళంలో, కృష్ణదేవరాయలు దర్శించిన ఆంధ్ర మహావిష్ణువు గుడి ఉంది. నాగాయలంక దాటి ఏటిమొగ రేవుకు పోతే, బండితో సహా పంటు ఎక్కి పాయ దాటి ఎదురుమొండి లంకకు వెళ్ళవచ్చు.